నడికొల్లేట్లో ఇంజను ఆగితే

ఏలూరు ఊరి నడుమ ఒక కాలవ పోతున్నది. దాని పేరు కూడా ఏలూరు కాలవే. దీనిలో ఒక విశేషం ఉన్నది. తూర్పునుంచి వచ్చే నీరు గోదావరిది. అది విజ్జేశ్వరం దగ్గర నదిని విడిచి, నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వస్తుంది. పడమటినుంచి వచ్చే నీరు కృష్ణది. అది విజయవాడలో బయలుదేరుతుంది. రెండు నదుల నీళ్ళూ ఏలూరులో కలుసుకుంటాయి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తి అయినాయి. వాటినుంచి తీసిన పెద్ద కాలవలు పొలాలకు నీరు ఇవ్వటమే కాక పడవలకు దారులు కూడా అయినాయి. ఆనకట్టలు కట్టించిన ఆర్థర్ కాటన్‌కు రైళ్ళకన్న పడవల మీదనే నమ్మకం ఎక్కువ. కాకినాడలో పడవకెత్తిన బస్తా నీటిమీదనే గోదావరి దాటి, ఏలూరు మీదుగా కృష్ణ దాటి, కొమ్మమూరు కాలవలో పడి, అక్కణ్ణించి బకింగ్‌హాం కాలవ వెంట మద్రాసు చేరగలిగేది.

ఆ పడవలకు ఇంజనులు లేవు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాటితో లాగేవారు. లేకపోతే గెడ వేసి నెట్టేవారు. తెరచాప చిరిగినా, తాడు తెగినా, గెడ విరిగినా ఏమైందో కంటికి కనిపిస్తుంది. ఇంజను అలాటిది కాదు. అది ఆగిపోయినప్పుడు పైకి చూస్తే అంతకు ముందు ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది! ఏమి చెడిందో ఆలోచించి తెలుసుకోవలసిందే. ఆ ఆలోచన ఎలా సాగుతుందో మీకు చెబుదామనే ఈ వ్యాసం.

రైళ్ళూ, లారీలూ వచ్చాక కాలవల్లో సరుకు పడవలు పోయాయి. కాకినాడనుంచి పుదుచ్చేరి దాకా ఉన్న నీటి దారిని, అందులో భాగంగా ఏలూరు కాలవను, 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అది అలా ఉండగా, పడవతో పని తీరని చోటు ఒకటి ఏలూరు పక్కనే ఉన్నది. అదే కొల్లేరు. చెరువుల్లో చేపలకు మేత వెయ్యటానికీ, వలలు తియ్యటానికీ, లంక ఊళ్ళకు పోవటానికీ అక్కడ పడవ కావాలి. పూర్వం తాటిదోనెలు వాడేవారు. చిన్న డీసెలు ఇంజను పెట్టిన పడవలు తరవాత వచ్చాయి. మీ ఊళ్ళో పొలానికి నీరు తోడే ఆయిలింజను ఉంటే, ఈ పడవ ఇంజను దానికి అన్నో తమ్ముడో అవుతుంది.

ముందు ఈ డీసెలు ఇంజను సంగతి కొంచెం తెలియాలి. మోటారు సైకిలులో పెట్రోలును మండించటానికి ఒక నిప్పురవ్వ కావాలి. డీసెలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు. మరి నూనె ఎలా అంటుకుంటుంది? మీ సైకిలు పంపుతో గబగబా గాలి కొట్టి, పంపు అడుగు భాగం పట్టుకు చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుందన్న మాట. ఇంజనులో పిస్టను గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కేస్తుంది. అప్పుడా గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగా ఆ క్షణాన సన్నని రంధ్రాలున్న నాజిలులోంచి డీసెలు నూనెను మంచుతుంపర లాగా లోపలికి చిమ్ముతారు. అది తనంత తానే భగ్గున మండి పిస్టనును కిందికి తంతుంది.

ఈ ఉపాయాన్ని సాధించినవాడు రుడాల్ఫ్ డీసెల్ అనే జర్మను ఇంజనీరు. ఆయన ఇంజను 1897లో చక్కగా పని చేసి చూపించింది. 1900లో పారిస్ నగరంలో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక డీసెలు ఇంజనును దేనితో నడిపారో తెలుసా? వేరుశెనగ నూనెతో! గారెలు వండుకునే నూనెతో ఇంజను నడిచిందంటే వింతగా లేదూ? పాపం, డీసెల్ 1913లో ఓడలో ఇంగ్లండుకు పోతూ ఒక రాత్రి కనబడకుండా పోయాడు. ఏమైనాడో ఎవరికీ రూఢిగా తెలియలేదు. ఆయన పేరు మాత్రం మన పెట్రోలు బంకుల మీద నిలిచిపోయింది.

ఇక కథలోకి వద్దాం. మీరు ఒక సాయంత్రం గుడివాకలంక వైపు పడవలో పోతున్నారనుకోండి. పడవలో పది మంది ఉన్నారు. అందులో ఒక ముసలమ్మ ఉన్నది, చంకలో బిడ్డతో ఒక తల్లి ఉన్నది. పొద్దు వాలుతున్నది. ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది. చుట్టూ నీరూ, నాచూ, దూరాన పక్షులూ తప్ప ఏమీ లేవు. పడవ గాలికి మెల్లగా పక్కకు కొట్టుకు పోతున్నది. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడితే పడవ ఒరుగుతుంది. కనక పడవ నడిపే సరంగు మొదట చేసే పని, “ఎవరూ లెయ్యకండి! ఎక్కడివాళ్ళు అక్కడే కూచోండి,” అని కేక వెయ్యటం. ఇంజను పని ఆ తరవాత.

తెలియనివాడు వెంటనే రెంచీ పుచ్చుకుని కనిపించిన మరనల్లా విప్పుతాడు. తెలిసినవాడు ఒక్క నిమిషం ఊరికే కూచుంటాడు. ఆగబోయే ముందు ఇంజను ఏమి చెప్పిందో జ్ఞాపకం చేసుకుంటాడు. నిజంగానే ఇంజను చెబుతుంది. దాని చప్పుడూ, పొగా దానికి భాష.

ఆగే ముందు ఇంజను బరువు మోస్తున్నట్టు మూలిగి, నల్లటి పొగ వదిలి, తటాలున ఆగిందనుకోండి. నల్లపొగ అంటే కాలని మసి. ఇంజనుకు మోయలేని బరువు పడినా, చాలినంత గాలి అందకపోయినా నూనె పూర్తిగా కాలదు. కొల్లేట్లో అయితే సరంగు కళ్ళు వెంటనే వెనకపక్కకు, నీటిలో తిరిగే పంకా వైపుకు పోతాయి. గుర్రపుడెక్క దానికి చుట్టుకుని ఉంటుంది! ఊదారంగు పూలతో అందంగా ఉండే ఈ మొక్క మనది కాదు, దక్షిణ అమెరికాది. దాని వేళ్ళూ, తెగిన వలతాళ్ళూ కలిసి ఇనుపకడ్డీకి జడ అల్లినట్టు బిగుసుకుంటాయి. ఇంజనును పూర్తిగా ఆపి, మళ్ళీ తిరగకుండా చూసుకుని, ఆ తరవాతే కొడవలితో కోసి తియ్యాలి. ఆగిపోయిందిలే అని తాళం తియ్యకుండా చెయ్యి పెట్టినవాళ్ళకు వేళ్ళు తెగాయి.

అలాకాక ఇంజను ఒకసారి హెచ్చుతూ, ఒకసారి తగ్గుతూ, దగ్గుతూ దగ్గుతూ ఆరిపోయిందనుకోండి. పొగ నల్లగా లేదు. అప్పుడు అనుమానం నూనె మీదికి పోతుంది. టాంకీలో నూనె ఉన్నదా? “ఇది కూడా చెప్పాలా?” అని మీరు నవ్వవచ్చు. కాని, బాగా ఉన్న ఇంజనును గంటసేపు విప్పి, చివరికి టాంకీ మూత తీసి చూసినవాళ్ళు లోకంలో కావలసినంత మంది ఉన్నారు. టాంకీలో నూనె ఉంటే, దాని కింది కుళాయి తెరిచి ఉన్నదా? ఫిల్టరులో మడ్డి చేరిందా? నీరు దిగిందా? నీరు డీసెలుకన్న బరువు గనక అడుక్కు చేరుతుంది. ఫిల్టరు అడుగున ఉండే మరను వదులు చేసి, కొంచెం నూనెను గాజు సీసాలోకి పడితే, నూనె కింద నీరు వేరుగా తేరి కనిపిస్తుంది.

ఇంకొక దొంగ ఉన్నది. అది గాలి. నూనె గొట్టంలోకి ఒక్క గాలిబుడగ దూరితే చాలు, ఇంజను మొరాయిస్తుంది. ఇదేమిటి, బుడగకు అంత బలమా? మీరే పరీక్ష చేసి చూడవచ్చు. సూది లేని ఒక కొత్త సిరంజిని నిండా నీటితో నింపి, కొనను వేలితో మూసి నొక్కండి. అది కదలదు. ఇప్పుడు సగం గాలి ఉంచి నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది, వదిలితే వెనక్కు వస్తుంది. నూనెను నొక్కితే ఆ బలం సరాసరి నాజిలుకు చేరుతుంది. గాలిని నొక్కితే అది బంతిలాగా నలిగి మళ్ళీ ఉబుకుతుంది తప్ప బలాన్ని ముందుకు పంపదు. నాజిలు తెరుచుకోవటానికి మన చుట్టూ ఉన్న గాలి వత్తిడికి నూటయాభై, రెండు వందల రెట్లు వత్తిడి కావాలి. బుడగ ఉంటే అంత వత్తిడి ఎన్నటికీ రాదు.

అందుకే సరంగు “గాలి తీస్తాడు”. ఫిల్టరు మీది చిన్న మరను కొంచెం వదులు చేసి, చేతిపంపును ఆడిస్తాడు. మొదట బుసబుసమంటూ నురుగు వస్తుంది. నురుగు పోయి నూనె ధార తేటగా వచ్చేదాకా ఆడించి మర బిగిస్తాడు. తరవాత ఇంజను పంపు దగ్గర అదే పని. చివరికి నాజిలుకు పోయే గొట్టం దగ్గర అదే పని. ఎప్పుడూ టాంకీ వైపునుంచి మొదలుపెట్టి ఇంజను వైపుకు పోవాలి. తలకిందులుగా చేస్తే, వెనక ఉన్న గాలి మళ్ళీ ముందుకు వచ్చి కూచుంటుంది. నాజిలు పనిచేసేటప్పుడు దాని ముందు వేలు పెట్టరాదు. ఆ తుంపర చర్మాన్ని సూదిలాగా పొడిచి లోపలికి పోతుంది. గాయం పైకి చీమ కుట్టినంతే కనిపించినా, ఆస్పత్రికి పరుగెత్తవలసిన గాయం అది.

మూడో రకం ఉన్నది. ఇంజను వేడెక్కి ఆగటం. చాలా పడవలలో ఇంజనును చల్లబరచటానికి సరస్సు నీటినే లోపలికి పీల్చి, తిప్పి, పక్కనున్న గొట్టంలోంచి బయటికి వదులుతారు. అనుభవం గల సరంగు కబుర్లు చెబుతున్నా ఒక చెవి చప్పుడు మీదా, ఒక కన్ను ఆ గొట్టం మీదా ఉంచుతాడు. గొట్టంలోంచి నీరు పడటం ఆగిందంటే, నీరు పీల్చే చోట జల్లెడకు నాచు కప్పేసిందన్న మాట. అప్పుడు ఇంజనును వెంటనే ఆపి, జల్లెడ శుభ్రం చేసి, ఇంజను తనంత తాను చల్లారేదాకా ఆగాలి. తొందరపడి కాలే ఇంజను మీద చల్లటి నీళ్ళు గుమ్మరించరాదు. వేడి గాజుగ్లాసులో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో, పోత ఇనుముకూ అదే అవుతుంది.

పొగ రంగుల సంగతి పూర్తి చేస్తాను. నీలిపొగ వస్తే, లోపల కీళ్ళకు రాసే ఇంజను ఆయిలు కూడా కాలిపోతున్నదన్న మాట. అరిగిన ఇంజనులకు ఇది ముసలితనపు దగ్గు లాటిది. తెల్లపొగ చాలాసేపు వస్తే, నూనె అంటుకోకుండా ఆవిరై పోతున్నదన్నా, నీరు లోపలికి దిగుతున్నదన్నా కావాలి. చలికాలం ఉదయం ఇంజను లేచిన మొదటి నిమిషంలో వచ్చే తెల్లపొగకు మాత్రం భయం లేదు.

ఇంజను బాగానే ఉండి కూడా పడవ మునగవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇంజను పడవ లోపల ఉంటుంది, పంకా నీటిలో ఉంటుంది. రెంటినీ కలిపే ఇనుప షాఫ్టు పడవకు తొలిచిన రంధ్రంలోంచి పోవాలి. ఆ రంధ్రంలోంచి నీరు రాకుండా ఏం చేస్తారు? కొవ్వు పట్టించిన తాటిని షాఫ్టు చుట్టూ వరసలుగా చుట్టి, గ్లాండు అనే బిళ్ళతో నొక్కి బిగిస్తారు. ఇందులో తమాషా ఏమంటే, పూర్తిగా బిగించరాదు. బిగిస్తే షాఫ్టు రాపిడికి కాలి, తాడు మాడి, ఇనుము గాడి పడుతుంది. షాఫ్టు తిరిగేటప్పుడు చుక్క చుక్కగా నీరు కారుతూ ఉండాలి. ఆ చుక్కే దానికి చలవ.

లెక్క వేసి చూద్దాం. ఇరవై చుక్కలకు సుమారు ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఇరవై చుక్కలు కారితే గంటకు 60 మిల్లీలీటర్లు. రోజల్లా నడిచినా లీటరున్నరకు లోపు. ఒక చెంబుతో తోడేస్తే సరి. అదే, తాడు అరిగి నిమిషానికి ఒక లీటరు చొప్పున కారితే? రోజుకు 1,440 లీటర్లు. అంటే దగ్గిర దగ్గిర టన్నున్నర నీరు! రాత్రి రేవులో కట్టేసిన పడవ తెల్లవారేసరికి అడుగున కూచుని ఉంటుంది. ఎవరూ దాన్ని ముంచలేదు, తుఫానూ రాలేదు.

ఇప్పుడు కరెంటు సంగతి. చిన్న ఇంజనును చేత్తో హాండిలు తిప్పి లేపుతారు. కొంచెం పెద్దదానికి బాటరీ కావాలి. దీపాలకూ, అడుగునీరు తోడే చిన్న పంపుకూ కూడా బాటరీయే దిక్కు. సీసపు పలకలు, గంధకామ్లం ఉన్న ఈ బాటరీని 1859లో ప్లాంటే అనే ఫ్రెంచివాడు కనిపెట్టాడు. దానిలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెం పైగా ఇస్తుంది. అన్నీ కలిసి పన్నెండు వోల్టుల బాటరీ. నిండుగా ఉన్న బాటరీని కదపకుండా కొంతసేపు ఉంచి కొలిస్తే 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను తిరుగుతూ దాన్ని నింపేటప్పుడు 14 దాకా చూపాలి. ఇంజను తిరుగుతున్నా 12 దగ్గరే ఉన్నదంటే, బాటరీకి తిండి అందటం లేదు. అప్పుడు డైనమోను తిప్పే బెల్టు జారుతున్నదేమో చూడాలి.

ఇక్కడ మీకొక చిక్కు ప్రశ్న. పడవలో దీపం చక్కగా వెలుగుతున్నది. కాని మీట నొక్కితే ఇంజను మాత్రం “టక్” మని ఊరుకుంటుంది, తిరగదు. బాటరీ బాగున్నదా, లేదా? దీపం వెలుగుతున్నది గనక బాగున్నదని కొందరు, ఇంజను తిరగలేదు గనక కొత్తది కొనాలని కొందరు అంటారు. ఇద్దరూ తొందరపడ్డట్టే. బాటరీ బొడిపెల మీద తెల్లగా, పచ్చగా బూజులాటిది పేరుకుని ఉంటుంది చూడండి. అది కరెంటుకు అడ్డు. ఆ అడ్డు 0.05 ఓములు అనుకుందాం. దీపానికి 2 ఆంపియర్లు చాలు. రెంటినీ హెచ్చవేస్తే 0.1 వోల్టు. అంత మాత్రం నష్టపోతే దీపానికి తెలియనే తెలియదు. ఇంజనును తిప్పే మోటారుకు నూరు ఆంపియర్లకు పైగా కావాలి. నూరును 0.05 చేత హెచ్చవేస్తే 5 వోల్టులు! పన్నెండులో అయిదు ఆ బూజు దగ్గరే పోతే, మిగిలిన ఏడుతో మోటారు ఏం తిరుగుతుంది? ఆ పోయిన శక్తి అంతా వేడిగా మారుతుంది. కనక మీట రెండుసార్లు నొక్కి, ఏ అతుకు దగ్గర వేడెక్కిందో చూస్తే దొంగ దొరుకుతాడు. వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి ఆ బొడిపెలను కడిగి, తుడిచి, బిగించి, వాజలీను రాస్తే వేల రూపాయల బాటరీ కొనే అవసరం తప్పిపోతుంది.

ఈ పని పెద్దవాళ్ళది. పిల్లలు దూరాన నిలబడి చూడవచ్చు. ఎంచేతనంటే, బాటరీలో ఆమ్లం ఉన్నది. అది కంట్లో పడితే చూపు పోతుంది. బాటరీ నిండేటప్పుడు ఉదజని వాయువు పుడుతుంది. అది చిన్న నిప్పురవ్వకు కూడా పేలుతుంది. పడవలో బాటరీ పెట్టెకు గాలి పోయే కన్నాలు పెట్టేది అందుకే. ఒక ఇనుప రెంచీ రెండు బొడిపెల మీదా అడ్డంగా పడితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది. అందుచేత తెలిసినవాళ్ళు వేలి ఉంగరం తీసి జేబులో వేసుకుని మరీ పనిలోకి దిగుతారు.

దీపం వెలగకపోతే ఎలా వెతకాలి? బాటరీనుంచి దీపం దాకా తీగలో పదహారు అతుకులున్నాయనుకోండి. ఒకటొకటే చూసుకుంటూ పోతే పదహారుసార్లు చూడవలసి రావచ్చు. అలాకాక ఒక చిన్న పరీక్షదీపం తీసుకుని సరిగా నడుమ ఉన్న అతుకు దగ్గర చూడండి. అక్కడ కరెంటు ఉంటే తప్పు అవతలి సగంలో ఉన్నది. లేకపోతే ఇవతలి సగంలో ఉన్నది. మిగిలిన సగంలో మళ్ళీ నడుమ చూడండి. పదహారు ఎనిమిది అవుతుంది, ఎనిమిది నాలుగు, నాలుగు రెండు, రెండు ఒకటి. నాలుగు చూపుల్లో తప్పు బయట పడుతుంది! నిఘంటువులో మాట వెతికేటప్పుడు మీరు చేసేది ఇదేగా.

ఫ్యూజు కాలితే, ఎందుకు కాలిందో తెలుసుకోకుండా దాని చోట లావుపాటి తీగ కట్టేవాళ్ళున్నారు. ఫ్యూజు తాను కరిగి తీగలను కాపాడుతుంది. దాని బదులు లావు తీగ పెడితే, ఈసారి కరిగేది పడవ చెక్కల వెనక దాగిన తీగే. ఇంట్లో నిప్పంటుకుంటే వీధిలోకి పరుగెత్తవచ్చు. నీటి నడుమ ఎక్కడికి పరుగెత్తుతారు?

వేసవిలో సముద్రపు నీరు ఉప్పుటేరు వెంట పైకి ఎక్కి వస్తుంది. ఉప్పు నీటిలో రెండు వేరు వేరు లోహాలు తగులుకుని ఉంటే అదే ఒక బాటరీ అయి కూచుంటుంది. అందులో ఒక లోహం తినివేయబడుతుంది. ఇత్తడి పంకా, ఇనుప షాఫ్టు ఉన్న పడవకు ఇది పెద్ద బెడద. దీనికి విరుగుడు హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1824లో చెప్పాడు. యుద్ధనౌకలకు తొడిగిన రాగిరేకులు ఉప్పు నీటికి పాడవుతుంటే, వాటికి చిన్న జింకు, ఇనుప ముక్కలు తగిలించమన్నాడు. ఆ ముక్కలు తాము కరిగిపోయి రాగిని కాపాడాయి. ఉపాయం ఎంత బాగా పారిందంటే, అదే చిక్కు తెచ్చింది! రాగి కొంచెం కొంచెం కరుగుతూ ఉన్నన్నాళ్ళూ దాని విషానికి నత్తలూ, నాచూ దగ్గరికి రాలేదు. రాగి కరగటం ఆగగానే అవి ఓడ అడుగంతా పట్టేశాయి. ఓడలు నత్తనడక నడిచాయి. ఇనుప ఓడలు వచ్చాక డేవీ ఉపాయం మళ్ళీ పనికి వచ్చింది.

దీన్ని మీరు ఇంట్లో చూడవచ్చు. రెండు కొత్త ఇనుప మేకులు తీసుకుని, ఒకదానికి రాగి తీగ, ఒకదానికి కంచెకు వాడే జింకు పూత తీగ బిగుతుగా చుట్టి, రెండు గ్లాసుల ఉప్పునీటిలో వేరు వేరుగా వెయ్యండి. నాలుగు రోజులు పోయాక ఏ మేకుకు తుప్పు ఎక్కువ పట్టిందో చూడండి.

ఇంత శ్రమ దేనికి, రోడ్లు లేవా అనవచ్చు. ఉన్నాయి. కాని కొల్లేరు ఎలాటిదో తెలుసుకోండి. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో మురుగు కాలవలు దానిలోకి నీరు తెస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో చాలా పేటలు మునిగాయి. ఆ నీరంతా తరవాత కొల్లేటికే చేరింది. లంక ఊళ్ళ దారులు నీటి కింద పడ్డాయి. మంచినీళ్ళు కావాలన్నా, బియ్యం కావాలన్నా, నొప్పులు పడే మనిషిని ఆస్పత్రికి చేర్చాలన్నా అలాటి రోజుల్లో పడవే గతి.

అలాటి రోజున పడవ లేవాలి. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. రోజూ తిరిగే ఇంజనుకన్న, ఏడాదంతా రేవులో ఊరికే పడి ఉన్న ఇంజనే ఎక్కువగా మొండికేస్తుంది. ఎందుకో ఈపాటికి మీరే ఊహించగలరు. సగం ఖాళీగా ఉన్న టాంకీలో గాలి ఉంటుంది. రాత్రి చల్లబడితే ఆ గాలిలోని చెమ్మ నీటిబొట్లై గోడల వెంట దిగి అడుగున చేరుతుంది. నీరూ నూనే కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు చేస్తాయి. ఆ జిగురు ఫిల్టరును మూసేస్తుంది. బాటరీ వాడకపోయినా తనలో తాను తరిగిపోతుంది, మన ఎండలకు మరీ త్వరగా. తరిగిన బాటరీని నెలల తరబడి అలాగే ఉంచితే పలకల మీద గట్టి స్ఫటికాలు కట్టి, తరవాత ఎంత కరెంటు పెట్టినా కరగవు. ఇవి చాలనట్టు ఎలుక తీగలు కొరుకుతుంది. గాలిగొట్టంలో కందిరీగ గూడు పెట్టినా పెడుతుంది.

అందుచేత జాగ్రత్త గలవాళ్ళు వానాకాలానికి ముందే టాంకీ నిండా నూనె పోసి ఉంచుతారు. నెలకొకసారి, వాన ఉన్నా లేకపోయినా, పడవ విప్పుతారు. ఫిల్టరు అడుగు మర తిప్పి నీరు దిగిందేమో చూస్తారు. ఇంజను ఆయిలు పుల్ల తీసి చూస్తారు. ఆయిలు మజ్జిగ రంగులో ఉంటే నీరు కలిసిందని అర్థం. బాటరీ గదుల్లో నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరు పోస్తారు; బావి నీరు, కుళాయి నీరు పొయ్యరు. తరవాత ఇంజను లేపి, రేవులోనే ఊరికే తిప్పకుండా, నిజంగా బరువుతో అరగంటసేపు నీటిమీద నడుపుతారు. బరువు లేకుండా తిరిగే ఇంజను సరిగా వేడెక్కక మసి పట్టిపోతుంది. తిరిగి వచ్చాక గ్లాండు దగ్గర చుక్కలు లెక్కపెడతారు, అడుగునీరు తోడేస్తారు, ప్రయాణీకులు తొడుక్కునే రక్షక జాకెట్ల నాడాలు లాగి చూస్తారు. అన్నీ అయినాక ఇంజను మీద టార్పాలిను కప్పి, గెడ పడవలోనే ఉన్నదో, ఎవరైనా పట్టుకు పోయారో చూసుకుని గట్టెక్కుతారు. కొల్లేట్లో చాలా చోట్ల నీటి లోతు రెండు మీటర్లు మించదు. ఏమి చేసినా ఇంజను లేవని రాత్రి, ముసలమ్మనూ, బిడ్డతల్లినీ ఊరు చేర్చేది ఆ వెదురు గెడే.